రెండో సంపుటం దగ్గర రెండు గంటలు

మొదట్లో నా చేతిలో ఏమేం ఉన్నాయో చెబుతాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా నడుస్తున్న ప్రయాణపు పెట్టెల దుకాణం. ఎందరినో విమానం ఎక్కించి, తాను మాత్రం ఒక్కసారి కూడా దేశం దాటని ఒళ్ళు. ప్రయాణానికి ఇరవై ఆరు రోజుల గడువు. వీటితో పాటు మా అక్క. అక్కను బలం కింద లెక్కవేసుకోవాలో బరువు కింద లెక్కవేసుకోవాలో ఆ రోజు నాకు తేలలేదు.

అక్కది పుస్తకాలు కుట్టే పని. మా దుకాణం వెనక గదే ఆమె పనిచోటు. ముందు నేను చక్రాల పెట్టెలు దొర్లించి చూపిస్తుంటే, వెనక ఆమె చెక్క చట్రానికి తాళ్ళు నిలువుగా బిగించి, మడతపెట్టిన కాగితాల కట్టలను ఒక్కొక్కటిగా సూదితో ఆ తాళ్ళకు కుడుతూ ఉంటుంది. ఆ కట్టను వాళ్ళ పనిలో ఫారం అంటారు. కొన్ని ఫారాలు కలిస్తే పుస్తకం. నా దగ్గరకు వచ్చేవాళ్ళు బేరం ఆడతారు. ఆమె దగ్గరకు వచ్చేవాళ్ళు పుస్తకాన్ని పసిబిడ్డను అప్పగించినట్టు అప్పగించి, రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి వెళ్తారు. ఆ తేడా నాకు మొదటినుంచీ కాస్త కష్టంగానే ఉండేది.

అలా వచ్చిన వాటిలో ఒకటి పెద్ద గ్రంథాలయంవారి పుస్తకం. చేత్తో రంగులు వేసిన మొక్కల బొమ్మలు. రెండు సంపుటాలుగా కట్టిన దాన్లో మొదటిది ఇక్కడే ఉంది. రెండోది వందేళ్ళ కిందట ఎవరి పెట్టెలోనో కూర్చుని సముద్రం దాటింది. మా దుకాణం పెట్టె కాదని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను. ఇప్పుడు అది వేరే దేశంలో ఒక గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

ఇక్కడి సంపుటాన్ని ముప్పై ఏళ్ళ కిందట ఎవరో బాగుచేశారు. బాగుచేయడమంటే పాత దారాలన్నీ లాగి పారేసి, వెన్నంతా జిగురు పట్టించి, గట్టి అట్ట అంటించడం. అప్పటినుంచి తెరిచినప్పుడల్లా మడత దగ్గర కాగితం పెటపెటలాడుతూ విరుగుతోంది. రెండు పేజీల మీదుగా పరుచుకున్న పెద్ద బొమ్మలకు మధ్యలో బీటలు పడ్డాయి. అక్క నాలుగు నెలలు కూర్చుని ఆ జిగురంతా గోటి మీద రంగు తీసినంత నెమ్మదిగా తీసింది. కింద పాత రంధ్రాలు బయటపడ్డాయి. ప్రతి ఫారం మడతలో ఏడు రంధ్రాలు. కొన్ని ఫారాల్లో ఇంకో రెండు, చిన్నవి.

ఆ రంధ్రాల్లో దారం ఏ దారిన నడిచిందన్నదే చిక్కు. తెల్లకాగితాల మీద కుట్టి చూస్తే మూడు దారులు కుదిరాయి. తప్పు దారిన కుడితే ఇవాళ తెలియదు, పదేళ్ళకు బొమ్మలన్నీ మధ్యకు విరిగాక తెలుస్తుంది. గ్రంథాలయం మేడమ్ మంచిది, కానీ ఖచ్చితమైన మనిషి. ఈ ఏడాది చివరికల్లా సరైన కుట్టు తెలిస్తే కుట్టించండి, లేదంటే విడి కాగితాలుగానే డబ్బాలో పెట్టి మూసేస్తాం అంది. అంటే అది ఇక పుస్తకం కాదు. అక్కకు తిండి సయించనిది ఆ మాట విన్నప్పటినుంచే.

రెండో సంపుటం కుట్టు చెక్కుచెదరలేదని తెలిసి అక్కడివాళ్ళకు రాశారు. వాళ్ళు ఆరు ఫొటోలు పంపారు. అట్ట, బొమ్మలు, మళ్ళీ అట్ట. ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను, మా దుకాణంలో గోడకు తగిలించుకోవచ్చు. మడత లోపల దారం ఒక్కదాన్లోనూ లేదు. మళ్ళీ రాస్తే, మీకు కావలసింది మాకు అర్థం కావడం లేదు, మీరే వచ్చి చూసుకోండి అని జవాబు. ఫలానా తేదీ, రెండు గంటలు. పుస్తకం దగ్గరకు ఒక్కరికే అనుమతి. గదిలోకి కెమెరా ఒక్కటే రావాలి. ఫ్లాష్ వెయ్యకూడదు, స్టాండు పెట్టకూడదు, పుస్తకం ఉన్న బల్లకు మోచెయ్యి కూడా ఆనించకూడదు. పుస్తకాన్ని సగానికి మించి తెరవకూడదు. అక్క టికెట్టు గ్రంథాలయానిది. తోడుగా నేను, నా ఖర్చు మీద.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అక్క కుడిచెయ్యి వణుకుతుంది.

రెండేళ్ళ నుంచీ ఆ వణుకు. బల్ల మీద ఆనించి పనిచేస్తే ఉండదు, గాల్లో ఏదైనా ఎత్తి పట్టుకుంటే చాలు మొదలవుతుంది. మంచినీళ్ళ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటుంది. చట్రానికి చెయ్యి ఆనించి కుట్టేటప్పుడు ఏ తేడా కనపడదు కాబట్టి బయటివాళ్ళెవరికీ తెలియదు. కెమెరా అన్నది గాల్లో పట్టుకునే వస్తువు.

మా పక్క దుకాణం ఫొటో స్టూడియో. దాని యజమాని పాస్‌పోర్టు ఫొటోలు తీస్తాడు. పాస్‌పోర్టు ఫొటోలో నవ్వకూడదని నిబంధన. అయినా మనిషి ఎదురుగా కూర్చోగానే అలవాటుగా “నవ్వండి సార్” అనేస్తాడు, వాళ్ళు నవ్వగానే “నవ్వకండి సార్” అంటాడు. వీధిలో అందరికీ ఆయన నవ్వండి గారే. ఆయన తన పాత చిన్న కెమెరా ఒకటి అక్కకు ఇచ్చి, రోజూ ఉదయం గంటసేపు నేర్పడానికి ఒప్పుకున్నాడు. వెనక గదికి ఉన్న షట్టర్ సగం దించి, ఆ మసక వెలుతురులో రెండు దుప్పట్లు మడిచి వాటి మధ్య ఒక పాత నిఘంటువును సగం తెరిచి పెట్టారు. ఊపిరి వదిలి, ఆపి, నొక్కాలి. అక్క ఊపిరి వదిలింది, ఆపింది, నొక్కింది. వారం రోజుల్లో రెండొందల ఎనభై ఫొటోలు తీసింది. పనికొచ్చేవి పద్నాలుగు.

వర్తకుడిగా నాకు ఆ లెక్క చాలు. ఇరవైలో ఒక్కటి మంచిదైతే ఆ సరుకు నేను దించుకోను. అక్కడ ఇరవై నాలుగు ఫారాలున్నాయి, రెండు గంటలే ఉన్నాయి. ఆ మాట నేను పైకి అనలేదు. నవ్వండి గారు లెన్సు తుడుస్తూ కూర్చున్నాడు. చివరికి అక్కే అంది, తమ్ముడి చేత కూడా తీయించి చూద్దాం అని.

పదహారు రోజులు మిగిలి ఉన్న ఆ ఉదయం మా ఇద్దరికీ పరీక్ష జరిగింది. అదే నిఘంటువు, అదే మసక, చెరి ఇరవై ఫొటోలు. మడతలోని దారం తియ్యాలి. నా చెయ్యి రాయిలా ఉంటుంది, ముప్పై ఏళ్ళు పెట్టెలెత్తిన చెయ్యి. నావి ఇరవైకి ఇరవై స్పష్టంగా వచ్చాయి. నాకు తెలియకుండానే మొహం విప్పారింది.

అక్క భూతద్దం పెట్టుకుని ఒక్కొక్కటే చూసింది.

“చాలా బాగా వచ్చాయిరా. దారం ఏది?”

వేలుపెట్టి చూపించాను.

“అది దారం కాదు. పేజీ నీడ.”

రెండోది చూపించాను. అది రెండు ఫారాల మధ్య సందు, అక్కడ దారం ఉండదట. ఫారానికి నడిమి మడతలోనే ఉంటుందట. నడిమి మడత ఏదో తెలియాలంటే కాగితాలు లెక్కపెట్టాలి, లేదా వేలితో తడిమితే తెలియాలి. నా వేలికి అన్నీ కాగితాలే. నా ఇరవై ఫొటోల్లో అన్నీ కనిపించాయి, చూడాల్సింది తప్ప. ఆరు అందమైన ఫొటోలు పంపిన ఆ దూరదేశం వాళ్ళ మీద నాకు అప్పుడు కాస్త జాలి కలిగింది.

అక్క ఫొటోలు పొగలా ఉన్నాయి. కానీ ప్రతిదానిలోనూ ఆ పొగ ఉండాల్సిన చోటే ఉంది.

నవ్వండి గారు రెండు వరసలూ చూసి, “అమ్మా, చూపు మీ దగ్గరుంది, చెయ్యి మీ తమ్ముడి దగ్గరుంది. ఇద్దర్నీ కలిపి కుట్టేసే మార్గం ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి,” అన్నాడు. అక్క నవ్వింది. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే పుస్తకం దగ్గరకు ఎవరు వెళ్తారో ఆ పేరు మర్నాటికల్లా దరఖాస్తులో రాసి పంపాలి. పంపాక మార్చడానికి లేదు.

ఆయన వెళ్ళాక అక్క దరఖాస్తు తెచ్చి నా ముందు పెట్టింది.

“నీ పేరు రాయి. పదహారు రోజులున్నాయి, ఎక్కడ చూడాలో నేర్పిస్తాను. నేను బయట కూర్చుంటాలే.”

ఆ మాటలో ఏడుపు లేదు, అలక లేదు. ఏ సూది తీసుకోవాలో చెప్పినట్టు చెప్పింది. ఆ పుస్తకం గురించి తొమ్మిది నెలలుగా ఆలోచిస్తున్న మనిషి, అంత దూరం వెళ్ళి, తలుపు ఇవతల చలికోట్లు పట్టుకుని కూర్చోవడానికి ఒప్పుకుంటోంది, పని జరిగితే చాలని. వ్యాపారంలో ఇంతకాలం ఎంతోమందిని చూశాను. తన వాటా పక్కనపెట్టి లెక్క కట్టగలిగిన మనిషిని చూడటం అదే మొదలు. కలం తీశాను కానీ రాయలేదు. రేపు రాస్తానన్నాను.

మర్నాడు షట్టర్ ఎత్తేసరికి వెనక గదిలో అప్పటికే వెలుతురు ఉంది. అక్క నిఘంటువు ముందు నిలబడి ఉంది. చేతిలో కెమెరా, కెమెరా అడుగునుంచి నేల దాకా కుట్టు దారం, దారం మీద ఆమె పాదం. దారాన్ని పాదంతో తొక్కిపెట్టి, కెమెరాను పైకి లాగి పట్టుకుంది. దారం వీణ తీగలా బిగుసుకుని ఉంది. చెయ్యి వణకడం లేదు.

ఏమిటిదని అడిగాను. చట్రం చూపించింది. దానికి నిలువుగా బిగించిన తాళ్ళు.

“తాడు వదులుగా ఉంటే సూది ఎటుపడితే అటు పోతుంది. రెండువైపులా లాగి కడితే చెప్పినమాట వింటుంది. చెయ్యి కూడా అంతేనేమో అని చూస్తున్నా.”

నవ్వండి గారిని పిలుచుకొచ్చాను. వంగి దారాన్ని వేలితో మీటి చూశాడు. వెళ్ళి, స్టాండు బిగించడానికి కెమెరా అడుగున ఉండే మరకు సరిపోయే చిన్న బోల్టు తెచ్చి, దానికి ఒక రింగు తగిలించి ఇచ్చాడు. ముందు ఒక్క దారంతో తీసింది. ఇరవైలో పదకొండు వచ్చాయి. తర్వాత దారాన్ని పెద్ద ఉచ్చులా చేసి రెండు పాదాల కిందా పరిచింది, మూడు మూలల గుడారంలాగా. పదహారు వచ్చాయి. వంగి తీయడానికి ఒక ఎత్తు, నిలబడి తీయడానికి ఒక ఎత్తు, పక్కనుంచి తీయడానికి ఒక ఎత్తు. మూడు ఎత్తులకూ దారం మీద మూడు ముడులు వేసుకుంది, తడిమితే వేలికి తెలిసేలా. ముప్పై ఏళ్ళ వృత్తిలో ఇలాంటిది నాకు తట్టలేదమ్మా అని నవ్వండి గారు ఒప్పేసుకున్నాడు. స్టాండ్లు అమ్మేవాడు కూడా ఆయనే కాబట్టి, ఆ మాట ఊరికే వచ్చింది కాదు.

ఇక దరఖాస్తు మీద ఆమె పేరు రాయడమే తరువాయి అనుకున్నాను. అక్క నిబంధనల కాగితాలు తెచ్చింది. పదకొండు పేజీలు. నేను పెట్టెతో పాటు వారంటీ కాగితం ఇచ్చి ముప్పై ఒక్క ఏళ్ళుగా చూస్తున్నాను, చదివినవాడు ఒక్కడూ లేడు. ఆమె వీటిని నిఘంటువు పక్కన పెట్టుకుని మూడుసార్లు చదివింది. తొమ్మిదో పేజీలో ఉంది: గదిలోకి కత్తి, సిరా, జిగురు, దారం, తాడు తేకూడదు.

దారం ఎంత ఉంటుంది, గుప్పెట్లో ఇమిడిపోతుంది, జేబులో వేసుకుంటే ఎవరు చూడొచ్చారు అన్నాను. నా బుర్ర అలాగే పనిచేస్తుంది, దాచుకోవడం ఎందుకు.

“వాళ్ళు నమ్మి పుస్తకం మన ముందు పెడుతున్నారురా,” అంది అక్క. అంతే. ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

కూర్చుని ఉత్తరం రాసింది, ఆ భాషలోనే, ఒక్కో మాట నిఘంటువులో వెతికి. నాకు చెయ్యి వణుకుతుంది, ఈ దారం పుస్తకానికి తగలదు, బల్లకు తగలదు, నా పాదాలకూ కెమెరాకూ మధ్యనే ఉంటుంది, అనుమతిస్తారా అని. కింద బొమ్మ గీసింది. పాదాలు, దారం, కెమెరా, దూరంగా బల్ల. దూరాలు అంగుళాల్లో రాసింది. జవాబు ఎప్పుడొస్తుందో తెలియదు, అసలు వస్తుందో రాదో తెలియదు. దరఖాస్తు మాత్రం ఆ సాయంత్రంలోపు వెళ్ళాలి.

నేను అటూ ఇటూ లెక్కవేశాను. నా పేరు రాస్తే ఇరవైకి ఇరవై స్పష్టమైన ఫొటోలు ఖాయం, వాటిలో దారం ఉంటుందా అన్నది అనుమానం. ఆమె పేరు రాస్తే, దారానికి అనుమతి వస్తే అంతా వచ్చినట్టు, రాకపోతే పొగ. కనపడని సరుకు మీద నేనెప్పుడూ పందెం కాయలేదు. కలం తీసుకుని అక్క పేరు రాశాను. ఆమె చూసి, పంపాక మార్చడానికి వీల్లేదు తెలుసుగా అంది. తెలుసన్నాను. జన్మలో నేను చేసిన అతి పెద్ద బేరం అదే, అవతలివాడి మొహం కూడా చూడకుండా చేశాను.

తర్వాత తొమ్మిది రోజులు జవాబు లేదు.

ఆ తొమ్మిది రోజులూ అక్క ఖాళీగా కూర్చోలేదు. ఉదయం దారంతో యాభై, దారం లేకుండా యాభై. దారం వద్దంటే ఏం చేస్తానో అది కూడా నేర్చుకోవాలిగా అంది. దారం లేని యాభైలో వచ్చేవి రెండు నుంచి అయిదుకు పెరిగాయి. అయిదుతో ఎవరైనా నిరాశపడతారు. ఆమె రెండున్నర రెట్లు పెరిగాయి అంది. లెక్కలు నేనే చెయ్యగలననుకునేవాణ్ణి.

మధ్యాహ్నం చదువు. ప్రయాణాల పుస్తకం ఒకటి నేను కూడా కొన్నాను. ఏ బస్సు ఎక్కడికి పోతుంది, ఏ సందులో ఏం దొరుకుతుంది అని. నిజం చెప్పాలంటే అందులో ఫొటోల్లో జనం ఏ రకం పెట్టెలు లాగుతున్నారో ఎక్కువగా చూశాను. అక్క చదివింది పాత కుట్టుల మీద రాసిన లావుపాటి పుస్తకం, ఆరొందల పేజీలు, సొంత డబ్బుతో తెప్పించుకున్నది. దాన్ని పెట్టెలో పెడితే రెండు కిలోలు లాగుతుందని నేను మొత్తుకున్నాను. సరే అని కత్తెర తెచ్చి, కొత్త పుస్తకం వెన్ను విప్పేసింది. ఆమె తనకు కావలసిన మూడు ఫారాలు తీసుకుని, వాటికి పల్చటి అట్ట కుట్టుకుని, మిగతాది దారంతో కట్టి అలమారలో పెట్టింది. వచ్చాక మళ్ళీ కలిపి కుట్టేస్తానంది. పుస్తకాన్ని విప్పడానికి భయపడనిది దాన్ని తిరిగి కట్టగలిగిన మనిషే అని ఆ రోజు అర్థమైంది.

పెట్టె సర్దడం మాత్రం నా విద్య అనుకున్నాను. దుకాణంలో అన్నిటికన్నా మంచి పెట్టె తీసి, చీరలు చుట్టలు చుట్టి, రంగుల వరసలో పేర్చి, మూత తెరిచి ఇంటిల్లిపాదికీ చూపించాను. మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, “వదినా, ముప్పై ఏళ్ళుగా ఈయన పెట్టెలు చూపించడమే చేశారు. అందుకే చూపించడానికి సర్దారు. ప్రయాణం మీరు చేసుకోండి,” అంది.

అక్క మొత్తం బయటికి తీసింది. ఏడు రోజుల ప్రయాణం. ఏడు పాత తెల్లగుడ్డలు పరిచి, ఒక్కో గుడ్డలో ఒక్క రోజు పెట్టింది. ఆ రోజు చీర, చేతిరుమాలు, మందుబిళ్ళలు, ఆ రోజు వెళ్ళాల్సిన చోటి చిరునామా, ఆ రోజు అవసరమయ్యే మాటలు రాసిన చీటీ. మొదటి రోజు చీటీలో గది ఎక్కడ, నీళ్ళు ఎక్కడ. మూడో రోజు చీటీలో దయచేసి పేజీ తిప్పవచ్చా, ఇంకొంచెం వెలుతురు ఉందా, ధన్యవాదాలు. గుడ్డలు మడిచి, పైన పెన్సిలుతో అంకెలు వేసి, ఏడింటినీ వరసగా నిలబెట్టింది. పెట్టె తెరిస్తే పుస్తకంలా ఉంది. ఆ రోజుకు ఆ పుట తీసుకుంటే చాలు, మిగతావి కదలవు. తూకం కొక్కేనికి తగిలించాను. నేను సర్దినదానికన్నా మూడు కిలోలు తక్కువ. అప్పటినుంచి దుకాణానికి వచ్చినవాళ్ళకు నేను అలాగే సర్ది చూపిస్తున్నాను, ఎవరు నేర్పారో కూడా చెప్పి మరీ.

అలా ఏడో గుడ్డ మడుస్తుండగా గ్రంథాలయం మేడమ్ ఫోన్ చేసింది. జవాబు వచ్చింది. నాలుగు వాక్యాలు. ఉత్తరం అర్థమైంది. బొమ్మ ఇంకా బాగా అర్థమైంది. దారం తీసుకురావచ్చు. మైనం పూయనిది అయితేనే.

మా ఆవిడ అక్కను పట్టుకుని ఊపేసింది. అక్క మాత్రం అప్పటికే దారపు ఉండలు వెతుకుతోంది. కుట్టేవాళ్ళ దారానికి మైనం పట్టించే ఉంటుంది, అది ఉంటేనే దారం జారకుండా పాదం కింద నిలుస్తుంది. మైనం లేని దారం సాగుతుంది, జారుతుంది. ఆరు రోజులే ఉన్నాయి. మైనం లేని నారదారం రెండు పేటలు కలిపి పురిపెట్టింది. పాదం కింద జారకుండా చివర చిన్న గుడ్డముక్క కుట్టింది. ముడుల దూరాలు మళ్ళీ కొలిచింది. ఆరో రోజున ఇరవైకి పద్దెనిమిది. మొదటి వారం తీసినవాటిని మళ్ళీ చూపించమని అడిగాను. చూపించలేదు, చెరిపేశానంది. ఎందుకూ అంటే చోటు కావాలి కదా అంది.

ప్రయాణం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. అక్క చీటీలు పనిచేశాయి, నా ప్రయాణాల పుస్తకం పెద్దగా పనిచేయలేదు. మూడో రోజు ఉదయం ఆ గ్రంథాలయం ముందు నిలబడ్డాం. లోపలికి వెళ్ళేముందు చేతిసంచులు అలమారలో పెట్టించారు. కెమెరానూ దారాన్నీ ఒక పారదర్శకమైన సంచిలో వేసి ఇచ్చారు. తలుపు దగ్గరున్నామె ఆ దారాన్ని చూసి, చేతిలోని కాగితంతో సరిపోల్చింది. ఆ కాగితం అక్క గీసిన బొమ్మే.

తలుపు ఇవతల బెంచీ మీద ఇద్దరి కోట్లూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తలుపుకి సన్నటి అద్దం ఉంది. అందులోంచి నాకు కనిపించింది ఆమె వీపు, ఆమె పాదాలు, వాటినుంచి పైకి లేచిన దారం. ఆమె వంగుతుంది, ఆగుతుంది, దారం బిగుస్తుంది, వదులవుతుంది. కాగితం లెక్కపెట్టడానికి ఒక చెయ్యి సాగుతుంది. మళ్ళీ దారం బిగుస్తుంది. అరగంటకు ఒక ఉద్యోగిని వచ్చి పక్కన నిలబడింది. గంటకు ఇద్దరయ్యారు. వాళ్ళు ఆమెను కాపలా కాయడం లేదు, చూస్తున్నారు. అరవై రెండేళ్ళ మా అక్క రెండు గంటలు కూర్చోకుండా, దేనికీ ఆనుకోకుండా పనిచేసింది. నాకు నా దుకాణం, నా పెట్టెలు, ఏవీ గుర్తురాలేదు.

బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. నీళ్ళిచ్చాను, రెండు చేతుల్తో పట్టుకుని తాగింది.

“మూడింట్లో ఏదీ కాదురా,” అంది. “నాలుగోది.”

ఆ చిన్న రంధ్రాలే అసలు సంగతట. పెద్ద బొమ్మ ఉన్న ఫారాల్లో మాత్రం దారం ఆ చిన్న రంధ్రంలోంచి బయటికి వచ్చి, ముందటి ఫారం దారాన్ని చుట్టి, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. దాంతో ఆ ఫారాలకు కాస్త సందు దొరుకుతుంది. బొమ్మను పూర్తిగా తెరిచినా మడత మీద బరువు పడదు. మన ఊళ్ళో కూర్చుని ఆలోచిస్తే ఎవరికీ తట్టేది కాదు. మొదటి రెండు ఫారాలు చూడగానే తన మూడు దారులూ తప్పని తెలిసిందట. వెంటనే అనుకున్న వరస మొత్తం పక్కనపెట్టి, బొమ్మలున్న ఫారాలను ముందు తీసి, ఒక్కోదాన్ని మూడు ఎత్తులనుంచీ తీసుకుంటూ పోయిందట.

నేను లెక్క చూసుకున్నాను. దరఖాస్తులో నా పేరు రాసి ఉంటే, ఆమె నాకు మూడు దారులు నేర్పి పంపేది. నేను ఆ మూడింటినీ వెతికి, కనపడక, కనపడినదాన్ని ఏదో నీడ అనుకుని, ఇరవైకి ఇరవై స్పష్టమైన ఫొటోలతో తిరిగి వచ్చేవాణ్ణి. ఆ మాటే అక్కతో అన్నాను. అంతేలేరా అని నా భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి వణుకుతూనే ఉంది.

చివరికి తేలిందిది. తీసినవి నూట అరవై ఎనిమిది. పొగలా వచ్చినవి ముప్పై ఒకటి. రెండు ఫారాలకు ఒక్కటి కూడా సరిగ్గా రాలేదు. ఆ రెండు మడతలూ ఎక్కడున్నాయో, ఏ కోణం కావాలో బొమ్మ గీసి పంపితే, అక్కడివాళ్ళు ఈసారి సరిగ్గా అవే తీసి పంపారు, దారం కనపడేలా. ఇంటికి వచ్చాక ఏడు వారాలు కుట్టింది. గ్రంథాలయం మేడమ్ తెచ్చిన డబ్బా ఖాళీగానే వెనక్కి పోయింది. ఖర్చయినవన్నీ తీసేస్తే, చేతిలో మిగిలింది ఒక పుస్తకం. పెద్ద బొమ్మ దగ్గర తెరిచి చెయ్యి తీసేస్తే తనంతట తానే తెరుచుకుని నిలబడుతుంది, మడత దగ్గర చప్పుడు కూడా రాదు.